భాగం లేని భాగస్వాములు

సభకు నమస్కారం.

స్టేక్‌హోల్డర్ అనే ఇంగ్లీషు మాటకు మన పత్రికలు చాలాకాలంగా ‘భాగస్వామి’ అని రాస్తున్నాయి. ఈ ప్రసంగానికి సిద్ధమవుతూ నేను ఆ మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. భాగానికి స్వామి అయినవారే భాగస్వామి. సంస్థలో పనిచేసే ఉద్యోగిని, దానికి సరుకు అందించే చిన్న ఉత్పత్తిదారుని, దాని సేవలను వాడుకునే వినియోగదారుని మనం ఆ పేరుతోనే పిలుస్తున్నాం. కానీ చాలా సంస్థల్లో వీరి చేతిలో భాగమంటూ ఏదీ ఉండదు. డిజిటల్ యుగంలో ఈ లోటు ఇంకా పెద్దదైందనీ, యాజమాన్యాల మంచితనం మీద ఆధారపడితే అది తీరదనీ, సంస్థను స్థాపించేటప్పుడు రాసుకునే నియమావళిలోనే దాన్ని సరిచేయాలనీ నా అభిప్రాయం.

సంస్థ లక్ష్యసాధనను ప్రభావితం చేయగలిగినవారూ, ఆ సాధన వల్ల ప్రభావితమయ్యేవారూ అందరూ స్టేక్‌హోల్డర్లేనని ఎడ్వర్డ్ ఫ్రీమన్ 1984లో నిర్వచించారు. అంతకు 14 ఏళ్ల ముందే, 1970 సెప్టెంబరులో, ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో దీనికి ఎదురువాదాన్ని బలంగా వినిపించారు. యజమానుల సొమ్మును సామాజిక ప్రయోజనాల కోసం ఖర్చుపెట్టే మేనేజరు, ఎవరూ ఎన్నుకోకుండానే పన్ను వసూలుచేసే అధికారిలా ప్రవర్తిస్తున్నాడన్నది ఆయన అభ్యంతరం. ఆ వాదనను స్వార్థపరుల మాటగా కొట్టిపారేయడం సరికాదు. దానిలో జవాబుదారీతనం గురించిన నిజమైన ప్రశ్న ఉంది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

న్యాయస్థానాల అనుభవం చూడండి. 1916లో హెన్రీ ఫోర్డ్ ప్రత్యేక డివిడెండ్లు నిలిపివేసి, కార్ల ధర తగ్గించి, మిగులు డబ్బును కర్మాగార విస్తరణకు పెట్టాలనుకున్నారు. వాటాదారులైన డాడ్జ్ సోదరులు కోర్టుకు వెళ్లారు. వ్యాపార సంస్థ ప్రధానంగా వాటాదారుల లాభం కోసమే నడవాలని 1919లో మిషిగన్ సుప్రీంకోర్టు చెప్పింది. విస్తరణను అడ్డుకోలేదు గాని, డివిడెండ్ చెల్లించమని ఆదేశించింది.

తొంభై ఏళ్ల తరువాత అదే ప్రశ్న ఇంటర్నెట్ రంగంలో తిరిగి వచ్చింది. క్రెయిగ్స్‌లిస్ట్ తన వెబ్‌సైటులో అత్యధిక ప్రకటనలను ఉచితంగానే ఉంచింది, కొన్ని నగరాల్లో ఉద్యోగ ప్రకటనల వంటి కొద్దిపాటి వాటికే రుసుము తీసుకునేది. 2004లో ఈబే అందులో 28 శాతానికి పైగా వాటా కొన్నది. 2007లో అదే ఈబే అమెరికాలో పోటీ సైటును ప్రారంభించడంతో, క్రెయిగ్స్‌లిస్ట్ వ్యవస్థాపకుడు క్రెయిగ్ న్యూమార్క్, సీఈఓ జిమ్ బక్‌మాస్టర్ తమ సంస్థ సేవాస్వభావాన్ని కాపాడుకోవాలని, ఈబే పట్టును తగ్గించే ఏర్పాట్లు చేశారు. 2010లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర ఛాన్సరీ కోర్టు వాటిలో ప్రధానమైనవాటిని కొట్టివేసింది. లాభార్జన సంస్థగా నమోదు చేసుకుని, ఇతరుల పెట్టుబడి తీసుకున్న తరువాత, వాటాదారుల ఆర్థిక విలువను పెంచడం తమ లక్ష్యం కాదని డైరెక్టర్లు చెప్పడం కుదరదన్నది ఆ తీర్పు సారాంశం. ఆ తీర్పు చదివినప్పుడు నాకు బాధ కలిగింది. అయినా దానిలోని తర్కాన్ని కాదనలేకపోయాను. వారి ఉద్దేశం మంచిదే, కానీ నమోదు పత్రాల్లో దానికి చోటు లేదు. నా సొంత సంస్థ నమోదు పత్రాల మీద సంతకం చేసిన రోజున లక్ష్యాల పేరాను నేను కూడా పైపైనే చూసి వదిలేశాను. ఆ సంస్థ కూడా ఒక ప్లాట్‌ఫామే, అంటే అమ్మేవారినీ కొనేవారినీ కలిపే ఆన్‌లైన్ వేదికే.

ఇక డిజిటల్ యుగం తెచ్చిన తేడా విషయానికి వస్తాను. కర్మాగారంలో యంత్రాన్ని కొన్నది యజమాని కనుక, దాని ఫలం తనదేనని ఆయన చెప్పుకోవడానికి కొంత ఆధారం ఉంది. ఒక ప్లాట్‌ఫామ్‌లో మాత్రం ఒక్కరే అమ్మకందారు ఉన్నప్పుడు ఆ సాఫ్ట్‌వేర్‌కు దాదాపు విలువే ఉండదు. కొత్తగా చేరే ప్రతి ఒక్కరూ అప్పటికే ఉన్న అందరికీ దాని విలువను పెంచుతారు. వారు రాసే సమీక్షలూ, ఇచ్చే రేటింగులూ, వదిలివెళ్లే సమాచారమూ కలిసి సంస్థ ఆస్తిగా మారతాయి. అటువంటివారిని ‘ప్రభావితమయ్యేవారు’ అని మాత్రమే చెప్పి ఊరుకోవడం అన్యాయం, ఆ విలువను సృష్టించినవారిలో వారూ ఉన్నారు. పైగా అమ్మకందారు వెళ్లిపోవాలనుకుంటే, ఏళ్ల తరబడి సంపాదించుకున్న పేరును వెంట తీసుకుపోలేరు. 2018లో అమల్లోకి వచ్చిన ఐరోపా డేటా రక్షణ నిబంధనలు వ్యక్తి తాను ఇచ్చిన సమాచారాన్ని మరో చోటికి మార్చుకునే హక్కు ఇచ్చాయి. ఇతరులు తనకు ఇచ్చిన రేటింగులకు ఆ హక్కు స్పష్టంగా వర్తించదు.

ఎట్సీ కథ నాకు ఎంతో నేర్పింది. చేతివృత్తుల వస్తువులు అమ్ముకునే ఆన్‌లైన్ వేదికగా 2005లో మొదలైన ఆ సంస్థ, సామాజిక బాధ్యతకు గుర్తింపుగా 2012లో బీ కార్ప్ ధ్రువీకరణ పొందింది, 2015లో స్టాక్ మార్కెట్లో నమోదైంది. ధ్రువీకరణ నిలుపుకోవాలంటే బెనిఫిట్ కార్పొరేషన్‌గా, అంటే వాటాదారులతోపాటు ఇతరుల ప్రయోజనాన్ని కూడా చూసుకోవలసిన చట్టబద్ధ బాధ్యత డైరెక్టర్లకు ఉన్న సంస్థగా, మారవలసి ఉండగా, 2017లో కొత్త నాయకత్వం ఆ మార్పు చేయబోమని ప్రకటించింది. 2022లో అమ్మకాలపై రుసుమును 5 శాతం నుంచి 6.5 శాతానికి పెంచినప్పుడు వేలాది అమ్మకందారులు వారం రోజులపాటు తమ దుకాణాలను మూసి నిరసన తెలిపారు. అయినా పెంపు అమలైంది. వారి శ్రమ లేకుండా ఎట్సీకి ఉనికే లేదు, కానీ ఆ నిర్ణయంలో వారికి ఓటు లేదు.

దీనికి భిన్నంగా నడిచిన వ్యవస్థాపకుడు బ్రూస్ లివింగ్‌స్టన్. ఫొటోలు వాడుకునే లైసెన్సులను ఆన్‌లైన్‌లో అమ్మే ఐస్టాక్‌ఫొటోను ఆయన స్థాపించారు, దాన్ని 2006లో గెటీ ఇమేజెస్ 5 కోట్ల డాలర్లకు కొన్నది. ఫొటోగ్రాఫర్ల పని మీద నిలబడిన సంస్థ అమ్ముడైనప్పుడు ఆ ధర వారికి దక్కదు. 2013లో ఆయన బ్రియానా వెట్లాఫర్ తదితరులతో కలిసి కెనడాలో స్టాక్సీని ప్రారంభించినప్పుడు దాన్ని సహకార సంఘంగా నమోదు చేశారు. అందులో ఫొటోగ్రాఫర్లు సభ్యులు, యజమానులు. సాధారణ లైసెన్సు అమ్మకంలో 50 శాతం, విస్తృత లైసెన్సులో 75 శాతం వారికి వెళ్లేలా ఏర్పాటు చేశారు. అదే మనిషి, అదే వ్యాపారం. మారింది యాజమాన్య నిర్మాణం. సహకార సంఘాలకు బయటి పెట్టుబడి రాబట్టడం కష్టమనేది నిజమే. భారీ నెట్‌వర్కులకు ఈ నమూనా ఒక్కటే చాలుతుందని నేను చెప్పను.

ముందు ప్రస్తావించిన జవాబుదారీతనం ప్రశ్న మిగిలింది. అందరికీ జవాబుదారీ అయిన మేనేజరు చివరికి ఎవరికీ జవాబుదారీ కాడన్నది ఆ విమర్శ. 2019 ఆగస్టులో అమెరికాలో పెద్ద కంపెనీల సీఈఓల సంఘమైన బిజినెస్ రౌండ్‌టేబుల్ తరఫున 181 మంది సీఈఓలు స్టేక్‌హోల్డర్లందరికీ విలువ చేకూరుస్తామని సంతకం చేశారు. ఆ ప్రకటనలో ఎవరికీ అమలుచేసుకోగల హక్కు లేదు కనుక ఈ విమర్శ దానికి సరిగ్గా తగులుతుంది. జర్మనీ 1976 చట్టానికి అది తగలదు. 2,000 మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీల్లో పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు ఉద్యోగుల ప్రతినిధులవి, ఓట్లు సమానమైతే అధ్యక్షునికి రెండో ఓటు ఉంటుంది. ఇద్దరికి జవాబు చెప్పడం అసాధ్యం కాదని, ఎవరి మాట ఎప్పుడు చెల్లుతుందో ముందే రాసుకుంటే చాలునని దాదాపు అర్ధ శతాబ్దపు ఆ అనుభవం చూపుతోంది. ప్లాట్‌ఫామ్‌ల మీద అమ్ముకుని బతికేవారికి మాత్రం అటువంటి స్థానాన్ని ఆ చట్టమూ ఇవ్వలేదు.

అందువల్ల మా సంస్థ సర్వసభ్య సమావేశంలో ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. అమ్మకందారులు ఎన్నుకున్న ప్రతినిధుల ఆమోదం లేకుండా రుసుము పెంపు అమల్లోకి రాకూడదు, వారి రేటింగులను వారు అడిగిన రూపంలో ఇవ్వాలి. పెట్టుబడిదారుల్లో కొందరు ఇప్పటికే అభ్యంతరం తెలిపారు. వారితో చర్చలు కొనసాగుతున్నాయి, సవరణ పాఠాన్ని మాత్రం నేను వెనక్కి తీసుకోలేదు.