కోడ్ రాయకముందే వెబ్‌సైట్‌ని క్లిక్ చేసి చూద్దాం

(తెరపై: ఒక గ్రంథాలయం వెబ్‌సైట్ హోమ్ పేజీ. పైన పెద్ద ఫొటో, మధ్యలో సెర్చ్ బాక్స్, కింద మూడు పుస్తకాల కార్డులు.)

నమస్కారం. ఈ పేజీ చూడండి. రంగులు కుదిరాయి, అక్షరాలు చక్కగా ఉన్నాయి. ఎవరికి చూపించినా బాగుందనే అంటారు. ఇప్పుడు ఆ సెర్చ్ బాక్స్‌లో ఒక పుస్తకం పేరు కొట్టామనుకోండి. ఆ పుస్తకం గ్రంథాలయంలో లేదు. అప్పుడు తెర మీద ఏం రావాలి? పుస్తకం ఉంది కానీ ఇంకెవరో తీసుకెళ్లారు, అప్పుడో? ఈ బొమ్మని ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. ఆ ప్రశ్న చివరికి కోడ్ రాసేవాళ్ల దగ్గర తేలుతుంది. డెడ్‌లైన్ టెన్షన్‌లో వాళ్లు ఆ పూటకి తోచింది పెట్టేస్తారు.

ఇలాంటి ప్రశ్నల్ని ముందే బయటికి లాగడానికే మాకప్, ప్రోటోటైప్ చేసుకోవాలి. అందం ఆ తర్వాతి సంగతి. ఆ పని సాఫ్ట్‌వేర్‌లో ఎలా జరుగుతుందో ఈ వీడియోలో చూద్దాం.

(తెరపై: అదే పేజీ మూడు రూపాల్లో, పక్కపక్కన.)

ఎడమవైపు ఉన్నది వైర్‌ఫ్రేమ్. బూడిదరంగు డబ్బాలు, గీతలు. ఏది ఎక్కడ వస్తుందో చెబుతుంది, అంతే. మధ్యలోది మాకప్. అసలు రంగులు, అసలు ఫాంట్లు, అసలు ఫొటోలు. కుడివైపుది ప్రోటోటైప్. చూడ్డానికి మాకప్‌లాగే ఉంటుంది కానీ బటన్ నొక్కితే తర్వాతి పేజీకి వెళ్తుంది. వెనకాల కోడ్ మాత్రం ఏమీ ఉండదు.

(తెరపై: ఫొటోషాప్, స్కెచ్, ఫిగ్మా, పెన్‌పాట్ లోగోలు ఒక్కొక్కటిగా.)

చాలా ఏళ్లు వెబ్ డిజైనర్లు మాకప్‌లు ఫొటోషాప్‌లోనే చేశారు. 1990లో వచ్చిన సాఫ్ట్‌వేర్ అది, ఫొటోలు సరిదిద్దడం దాని అసలు పని. 1994లో మూడో వెర్షన్‌తో లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శక పొరలు వచ్చాక పేజీలు పేర్చడం సులువైంది. కానీ వెబ్ పేజీ ఒక్క సైజులో ఉండదు కదా! ఫోన్‌లో ఒకలా, ల్యాప్‌టాప్‌లో ఇంకోలా సర్దుకుంటుంది. అలా సర్దుకునే పేజీని ఫొటోషాప్‌లో గీయాలంటే ప్రతి సైజుకీ మళ్లీ చేత్తో పేర్చుకోవాలి. 2010లో మ్యాక్ కోసం స్కెచ్ వచ్చింది, చాలామంది దానికి మారారు. 2016లో ఫిగ్మా అందరికీ అందుబాటులోకి వచ్చింది. అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఒకే ఫైల్‌లో నలుగురూ ఒకేసారి పని చేసుకోవచ్చు. దాన్ని కొంటున్నామని 2022లో ప్రకటించిన అడోబీ (ఫొటోషాప్ కంపెనీ), 2023 డిసెంబర్‌లో ఆ ఒప్పందం వదులుకుంది. ఇదే పనికి అడోబీ సొంతంగా చేసిన ఎక్స్‌డీలో ఇక కొత్త ఫీచర్లు రావడం లేదు, అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లకి దాన్ని నేను చెప్పను. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్ కావాలంటే పెన్‌పాట్ మంచిది, మన సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు కూడా. ఫొటోలు కత్తిరించడానికి, సరిచేయడానికి ఫొటోషాప్ గానీ, అలాంటిదే అయిన ఓపెన్ సోర్స్ గింప్ గానీ ఇప్పటికీ పక్కన ఉండాల్సిందే.

నేను ఫిగ్మాలో చూపిస్తాను. పేర్లు మారతాయి గానీ పెన్‌పాట్‌లోనూ ఇవే పనులు చేయొచ్చు.

(తెరపై: ఖాళీ ఫైల్. ఫోన్ సైజు ఫ్రేమ్, పక్కన ల్యాప్‌టాప్ సైజు ఫ్రేమ్.)

ముందు ఫోన్ ఫ్రేమ్ తీసుకోండి. ఫ్రేమ్ అంటే ఒక తెరకి సరిపడే ఖాళీ కాగితం లాంటిది. వెడల్పు 360 పిక్సెళ్లు గానీ 390 గానీ. చిన్న తెరతో మొదలుపెడితే ఏది ముఖ్యమో, ఏది తీసేయొచ్చో తేల్చుకోక తప్పదు. తర్వాత ల్యాప్‌టాప్‌కి 1440 వెడల్పు ఫ్రేమ్, అందులో 12 నిలువు వరసల గ్రిడ్. 12 అయితే రెండు, మూడు, నాలుగు, ఆరు భాగాలుగా సమంగా పంచుకోవచ్చు. ఖాళీలకి 8, 16, 24, 32 అని 8 ఎక్కం పట్టుకోండి.

(తెరపై: ఒక పుస్తకం కార్డు, తెరంతా.)

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఈ కార్డులో అట్ట బొమ్మ, పుస్తకం పేరు, రచయిత పేరు, ‘రిజర్వ్ చేయండి’ అనే బటన్ ఉన్నాయి. నాలుగూ సెలెక్ట్ చేసి, షిఫ్ట్ పట్టుకుని ‘ఎ’ నొక్కండి. ఆటో లేఅవుట్ అయిపోయింది, అంటే లోపలివి మారితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. నిలువు వరస ఎంచుకుని, మధ్య ఖాళీ 8, చుట్టూ ప్యాడింగ్ (అంచుకీ లోపలివాటికీ మధ్య ఖాళీ) 16 ఇవ్వండి. పేరు ఉన్న టెక్స్ట్‌కి వెడల్పు ‘ఫిల్’ (ఉన్న చోటంతా నిండుతుంది), ఎత్తు ‘హగ్’ (లోపలి అక్షరాలకి తగినంతే ఉంటుంది).

(తెరపై: పేరు ‘చెట్లు’ నుంచి ‘ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల కోసం విజ్ఞానశాస్త్ర ప్రయోగాలు’కి మారుతుంది. కార్డు పొడుగవుతుంది, బటన్ కిందికి జరుగుతుంది.)

చూశారా? పేరు నాలుగు లైన్లయింది, బటన్ దానంతటదే కిందికి జరిగింది. పక్క కార్డు బటన్ మాత్రం పైనే ఉండిపోయింది, వరస చెడింది. మరి పేరుని రెండు లైన్ల తర్వాత చుక్కలతో ఆపేయాలా, కార్డులన్నీ ఒకే ఎత్తు చేసి బటన్లని అడుగుకి పంపాలా? గ్రంథాలయంలో పుస్తకం పేరు మొత్తం కనిపించాలి, కాబట్టి నేను రెండోదే ఎంచుకుంటాను. అర్థం లేని నమూనా అక్షరాలతో పేజీ నింపి ఉంటే ఈ సమస్య మన కంటబడేదే కాదు. అందుకే అసలు టెక్స్ట్‌తో, అందులోనూ అన్నిటికంటే పొడుగైన పేరుతో డిజైన్ చేయమంటాను.

పేజీ తెలుగులో ఉంటే లైన్ల మధ్య దూరం కూడా చూసుకోవాలి. ‘శాస్త్రం’ అన్నప్పుడు వత్తులు కిందికి దిగుతాయి, కింది లైన్‌లోని గుడులు పైకి లేస్తాయి, రెండూ ఢీకొంటాయి. ఇంగ్లీషుకి సరిపోయే 120 శాతం లైన్ హైట్ మనకి ఇరుకు. 150 నుంచి 170 మధ్య పెట్టి చూడండి. పాత ఫొటోషాప్ వెర్షన్లలో వత్తులు విడిపోయి కనిపిస్తే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఎంచుకోండి.

రంగుల విషయంలో ఒక్క మాట. తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగు అక్షరాలు డిజైనర్లకి మహా ఇష్టం. 999999 అనే కోడ్ ఉన్న బూడిదరంగుకి తెలుపు మీద కాంట్రాస్ట్, అంటే రెండు రంగుల వెలుగులో తేడా, 3:1 కూడా రాదు. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. చూపు తగ్గినవాళ్లు, ఎండలో ఫోన్ చూసేవాళ్లు కూడా మన పాఠకులే.

(తెరపై: కార్డు మీద ఊదారంగు గీత. అది కాంపోనెంట్‌గా మారుతుంది.)

ఇప్పుడు కార్డుని కాంపోనెంట్, అంటే కాపీలు తీసుకునే అచ్చు చేయండి. అసలు కార్డులో ఒక్కచోట రంగు మారిస్తే అన్ని పేజీల్లోని కాపీల్లోనూ మారుతుంది. దీనికి వేరియంట్లు (ఒకే కార్డుకి వేర్వేరు స్థితుల రూపాలు) పెట్టండి: పుస్తకం దొరుకుతుంది, బయటికి వెళ్లింది, మీరే రిజర్వ్ చేశారు. సెర్చ్ ఫలితం ఏమీ లేనప్పుడు వచ్చే పేజీ కూడా ఇప్పుడే గీయండి. మొదట్లో అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పేది ఇవే.

(తెరపై: ప్రోటోటైప్ ట్యాబ్. బటన్ నుంచి మరో ఫ్రేమ్‌కి నీలం బాణం.)

ప్రోటోటైప్ ట్యాబ్‌లో బటన్ అంచున ఉన్న చుక్కని పట్టి తర్వాతి ఫ్రేమ్ దాకా లాగండి. నొక్కితే అక్కడికి వెళ్తుంది. ‘రిజర్వ్ అయింది’ అనే చిన్న డబ్బా కోసం ఓవర్‌లే వాడండి, అది ఉన్న పేజీ మీదే తేలుతూ కనిపిస్తుంది. సైట్ మొత్తాన్ని ఇలా కలపక్కర్లేదు, పుస్తకం వెతికి రిజర్వ్ చేసే ఒక్క దారి చాలు. అన్నట్టు, ఇలాంటి ప్రోటోటైప్‌లో సెర్చ్ బాక్స్ మామూలుగా బొమ్మే, నిజంగా టైప్ చేయలేం. పేరు ముందే రాసి ఉన్న ఫ్రేమ్ ఒకటి పెట్టి నడిపించాలి. నిజంగా టైప్ చేయించి చూడాలంటే ఆక్ష్యూర్ లాంటి సాఫ్ట్‌వేర్ కావాలి.

(తెరపై: ఫోన్‌లో ప్రోటోటైప్, నొక్కుతున్న వేలు.)

ఇక ఫోన్ వేరేవాళ్ల చేతికివ్వండి. ‘ఈ పుస్తకం రిజర్వ్ చేయండి’ అనకండి. ఆ మాట బటన్ మీదే ఉంది, వెతుక్కుని నొక్కేస్తారు. ‘ఈ పుస్తకం మీకోసం తీసిపెట్టించుకోవాలి, ఎలా చేస్తారు?’ అని అడిగి ఊరుకోండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్లారు, అదే రాసుకోండి. మధ్యలో సాయం చేయాలని నోటిదాకా వస్తుంది, ఆపుకోండి. ఐదుగురితో ఇలా చేయిస్తే ప్రధాన సమస్యలు చాలావరకు బయటపడతాయని వెబ్‌సైట్లు వాడడం ఎంత సులువో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. ఆ లెక్క మీద తర్వాత వాదాలు నడిచాయి గానీ, ఒక్కరితో చేయించినా ఎవరితోనూ చేయించకపోవడం కంటే ఎంతో మేలు.

దొరికిన తప్పులు దిద్దాక కోడ్ రాసేవాళ్లకి లింక్ పంపండి. ఐకాన్లు ఎస్‌వీజీగా (ఎంత పెంచినా మసకబారని బొమ్మల ఫార్మాట్) ఎగుమతి చేయండి, ‘ఫ్రేమ్ 47’ లాంటి పేర్లు తీసేసి ‘సెర్చ్, ఫలితం లేదు’ అని అర్థమయ్యేలా పెట్టండి. ఖరారైన ఫ్రేములు ఒక పేజీలో, వదిలేసినవి వేరే పేజీలో ఉంచండి. ఒకే ఫైల్‌లో రెండూ కలిసిపోతే వాళ్లు పాత డిజైన్‌కి కోడ్ రాసేసే ప్రమాదం ఉంది.