మూరెడు దారం

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ రోజు నా పక్కన మా అక్క ఉంది, పళ్ళ డాక్టరు. అక్కా, మొన్న నువ్విచ్చిన ఫ్లాస్, అదే పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారం, ఆ డబ్బా పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. కింది పళ్ళ మధ్య రెండుచోట్ల రక్తం వచ్చింది. భయమేసి ఆపేశాను.

అక్క: చాలామంది అక్కడే ఆపేస్తారురా. "దారం పెడితే చిగురు తెగింది మేడం" అంటారు. తెగడం కాదు. ఆ సందులో పాచి చాలా రోజులుగా పేరుకుని చిగురు వాచి ఉంటుంది. వాచిన చిగురు తాకితే చాలు, రక్తం వస్తుంది. మెల్లగా రోజూ చేస్తే సాధారణంగా వారం, పది రోజుల్లో ఆగిపోతుంది. రెండు వారాలైనా ఆగకపోతే డాక్టరుకి చూపించుకోవాల్సిందే.

తమ్ముడు: నేనెలా చేశానో చెప్తా, తప్పెక్కడో చూడు. జానెడు దారం తెంపి, వేళ్ళతో పట్టుకుని పళ్ళ మధ్య గట్టిగా నొక్కాను. టక్కుమని దిగింది.

అక్క: అలా టక్కుమని దిగితే దారం నేరుగా వెళ్ళి చిగురు మీద కొడుతుంది. అప్పుడు నిజంగానే తెగుతుంది. జానెడు చాలదు, మూరెడు కావాలి, అంటే దాదాపు 45 సెంటీమీటర్లు. ఎక్కువ భాగం ఒక చేతి నడిమి వేలికి చుట్టుకో, కొసని రెండో చేతి నడిమి వేలికి చుట్టు. మధ్యలో అంగుళం మాత్రం ఉంచి, బొటనవేళ్ళతో, చూపుడువేళ్ళతో బిగించి పట్టుకో. ఇటూ అటూ కొద్దికొద్దిగా కదుపుతూ దించు. ఇప్పుడు అసలు పని.

తమ్ముడు: దిగాక లాగేయడమే కదా?

అక్క: కాదు. దారాన్ని ఒక పంటికి ఆనించి అరసున్నలా వంచు. అలా వంచాక చిగురు అంచు కిందికి కాస్త జారుతుంది, అక్కడ ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉంటుంది. పంటి గోడని రుద్దుతున్నట్టు కిందికీ పైకీ మూడు నాలుగుసార్లు లాగు. తర్వాత అదే సందులో పక్క పంటికి అరసున్న తిప్పి మళ్ళీ. ఈ రెండో పంటినే ఎక్కువమంది మర్చిపోతారు. ప్రతి సందుకీ వేలి చుట్టు విప్పుకుంటూ కొత్త దారం తీసుకోవాలి, అందుకే మూరెడు.

తమ్ముడు: రెండుపూటలా బ్రష్ చేస్తూనే ఉన్నా కదక్కా.

అక్క: పంటికి ఐదు వైపులుంటాయి. బయట, లోపల, నమిలే పైభాగం, ఈ మూడూ బ్రష్‌కి అందుతాయి. పక్కపళ్ళకి ఆనుకున్న రెండు వైపులూ అందవు. మనం సందు గురించి ఆలోచించేది రసాలు తిన్నప్పుడు పీచు ఇరుక్కుంటేనే. అమ్మ పిన్నీసు తీసేది గుర్తుందా? దయచేసి ఎవరూ పిన్నీసు పెట్టకండి. పీచు ఇబ్బంది పెడుతుంది కాబట్టి తీసేస్తాం, పాచి ఏ నొప్పీ పెట్టకుండా ఉండిపోతుంది. పుక్కిలిస్తే పోదు, రుద్దితేనే వదులుతుంది. వదిలేస్తే గట్టిపడి గారవుతుంది. గార దారానికి రాదు, డాక్టరే తీయాలి.

తమ్ముడు: 2016లో అమెరికాలో ఫ్లాస్‌కి గట్టి రుజువుల్లేవని వార్తలొచ్చాయి కదా?

అక్క: వచ్చాయి. అప్పటి పరిశోధనల్లో చాలావరకు చిన్నవి, కొద్ది కాలమే నడిచినవి. 2019లో వైద్య పరిశోధనల్ని కలిపి పరిశీలించే కొక్రేన్ సంస్థ సమీక్ష కూడా, బ్రష్‌తో పాటు ఫ్లాస్ చేస్తే చిగుళ్ళ వాపు తగ్గవచ్చు, కానీ రుజువు బలంగా లేదనే చెప్పింది. పుచ్చు ఆగుతుందని నేనూ హామీ ఇవ్వను. వాపు తగ్గడం మాత్రం నా కుర్చీలో కూర్చున్నవాళ్ళలో చూస్తున్నాను. అమ్మకి చిగుళ్ళు జారి సందులు పెద్దవయ్యాయి, అలాంటివాళ్ళకి దారం కంటే సందుల్లో పెట్టే బుల్లి బ్రష్ మేలు.

తమ్ముడు: ఇదంతా కొత్త ఫ్యాషనంటుంది అమ్మ.

అక్క: 1819లోనే అమెరికాలో లెవీ స్పియర్ పార్మ్లీ అనే పళ్ళ డాక్టరు పట్టుదారంతో సందులు శుభ్రం చేసుకోమని రాశాడు. సరే, నీ దారం వాసన చూశావా?

తమ్ముడు: చివరి దవడ పన్ను దగ్గరిది చూశాను. కుళ్ళు వాసన. పొద్దున్నే నోట్లో వచ్చేదే.

అక్క: నీ నోటి వాసనలో కొంత అక్కడినుంచే వస్తోంది. ఈ రాత్రి నుంచి పడుకునే ముందు చెయ్యి. వచ్చే ఆదివారం అదే సందులో దారం తీసి వాసన చూసి నాకు ఫోన్ చెయ్యి.