కోడ్‌కి వేరు కాపురం ఎందుకు?

అందరికీ నమస్కారం.

ఓపెన్ సోర్స్ గురించి, అంటే ఎవరైనా చూసి మార్చుకునేలా కోడ్ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ గురించి, ఎక్కడ మాట్లాడినా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "ఆ రెండు ప్రాజెక్టులూ చేసేది ఒకే పని. సోర్స్ చూస్తే తెరిచే ఉంది. ఇందులోని మంచి ఫీచర్లు అందులో కలిపేస్తే పోయేదానికి, ఈ వేరు కాపురాలు దేనికండీ?" అంటారు. అన్నదమ్ములు కొట్టుకుని విడిపోయారన్నంత బాధ ఉంటుంది ఆ గొంతులో. గొడవలు ఉంటాయి, కాదనను. కానీ చాలాసార్లు గొడవ ఆఖర్న వస్తుంది. అంతకు చాలా ముందే, కలపడం ఎవరో ఒకరికి మోయలేని పనైపోయి ఉంటుంది.

ఒక్క విషయం ముందే చెప్పేస్తాను. ఇలా కోడ్ కాపీ తీసుకుని విడిపోవడాన్ని ఫోర్క్ అంటారు. కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్‌లో అయితే ఫోర్క్ అంటే ఒక బటన్. చిన్న పాచ్, అంటే కోడ్‌లో ఓ మార్పు, పంపాలన్నా అదే నొక్కుతాం. నేను దాని గురించి మాట్లాడటం లేదు. కొత్త పేరు పెట్టుకుని, సొంతంగా రిలీజులు చేసుకుంటూ వెళ్లిపోయే ఫోర్క్ గురించి మాట్లాడుతున్నాను.

కొన్నాళ్లు నేను వేరే ప్రోగ్రాములు వాడుకునే ఒక చిన్న కోడ్ లైబ్రరీకి మెయింటెయినర్‌గా, అంటే వచ్చిన మార్పులు చూసి కలిపే మనిషిగా ఉన్నాను. ఒకాయన ఫలానా ప్రింటర్‌కి సపోర్ట్ రాసి పంపాడు. కోడ్ శుభ్రంగా ఉంది, టెస్టులు పాసయ్యాయి, కలిపేశాను. ఆరు నెలలకు ఆయన వేరే పనిలో పడి కనబడటం మానేశాడు. బగ్ రిపోర్టులు మాత్రం మానలేదు. ఆ ప్రింటర్ నా దగ్గర లేదు, కనీసం కళ్లతో చూసిందీ లేదు. ఎక్కడ ఏ లైను ముట్టుకున్నా అది పాడవుతుందేమోనని టెన్షన్. ఆ తర్వాత పాచ్‌లు చూసే చూపే మారిపోయింది నాకు. కోడ్ బాగుందా అని కాదు, ఈ మనిషి రెండేళ్ల తర్వాత ఉంటాడా అని చూసేవాణ్ని. పంపినవాళ్లకు నేను పొగరుబోతులా కనిపించి ఉంటాను.

కోడ్ రాసుకోవడానికి వాడే విమ్ ఎడిటర్ విషయంలోనూ దాదాపు ఇదే జరిగింది. 1991లో మొదటిసారి విడుదలైనప్పటి నుంచీ దాని బరువంతా ప్రధానంగా ఒక్క మనిషి మీదే ఉండేది. ఆయన బ్రామ్ మోలెనార్. వెనక వేరే పని నడుస్తున్నా టైపింగ్ ఆగిపోకుండా చూసే పెద్ద పాచ్ ఒకటి వస్తే ఆయన తీసుకోలేదు. ఎన్నో రకాల మెషీన్ల మీద నడిచే ఎడిటర్‌ను లోపలి నుంచి కదిలించే మార్పు అది. ఆ పాచ్ రాసిన డెవలపర్ 2014లో నియోవిమ్ అనే ఫోర్క్ మొదలుపెట్టారు. తమాషా ఏంటంటే, 2016లో వచ్చిన విమ్ 8లో ఆ సౌకర్యం ఉంది, కాకపోతే వేరే పద్ధతిలో రాసింది. అప్పటికే నియోవిమ్ పాత మెషీన్ల కోసం ఉంచిన కోడ్ బోలెడు తీసి పారేసింది. ఫీచర్ రెండు చోట్లా ఉంది, అయినా ఇళ్లు రెండుగానే ఉన్నాయి. నన్నడిగితే ఎవరి లెక్క ప్రకారం వాళ్లు రైటే.

విడిగా గడిపిన ప్రతి నెలా కలపడాన్ని ఇంకాస్త కష్టం చేస్తుంది. ఆపిల్ తన సఫారీ బ్రౌజర్ కోసం, కేడీఈ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వాళ్ల కేహెచ్‌టీఎంఎల్ ఇంజిన్ తీసుకుంది. వెబ్ పేజీని తెర మీద చూపించే భాగం అది. 2003 జనవరిలో బయటపెట్టేదాకా పనంతా లోపలే జరిగింది. కోడ్‌ను ఏ షరతుల మీద వాడుకోవాలో చెప్పే లైసెన్స్ ప్రకారమే మార్పులు తిరిగిచ్చింది, కానీ పెద్ద పెద్ద మూటలుగా ఇచ్చింది. ఏ మార్పు ఏ బగ్ కోసమో, ఏది ఆపిల్ సొంత సిస్టమ్‌కు మాత్రమే పనికొచ్చేదో చెప్పే చరిత్ర పెద్దగా లేదు. లైసెన్స్ దృష్టిలో అంతా సక్రమమే. విప్పేవాళ్ల చేతిలో మాత్రం అది చిక్కుపడ్డ దారపు ఉండ. 2005లో ఆపిల్ వెర్షన్ అయిన వెబ్‌కిట్ రిపోజిటరీని, అంటే మార్పుల చరిత్రతో సహా కోడ్ ఉండే చోటును, అందరికీ తెరిచారు గానీ, కేహెచ్‌టీఎంఎల్, వెబ్‌కిట్ మళ్లీ ఒకటి కాలేదు.

2013లో అదే వెబ్‌కిట్ నుంచి గూగుల్ బ్లింక్ అనే సొంత ఇంజిన్‌తో వేరుపడింది. బ్రౌజర్ పనిని వేర్వేరు ప్రాసెస్‌లుగా విడగొట్టడంలో, క్రోమ్ బ్రౌజర్‌కు ఆధారమైన క్రోమియం పద్ధతి వేరు. రెండు పద్ధతుల్నీ ఒకే కోడ్‌లో మోయడం అందరికీ బరువే. వేరుపడితే 7,000కు పైగా ఫైళ్లు, 45 లక్షలకు పైగా లైన్లు తీసేయొచ్చని అప్పట్లో గూగుల్ అంచనా వేసింది. ఒకే ఇంట్లో ఉన్నందుకు కడుతూ వచ్చిన అద్దె అనుకోండి అది.

లైసెన్స్ అయితే వన్‌వే రోడ్డు లాంటిది. 2010లో డాక్యుమెంట్లు చేసుకునే ఓపెన్‌ఆఫీస్ నుంచి లిబ్రేఆఫీస్ విడిపోయింది. ఆ మరుసటి ఏడాది దాని యజమాని ఒరాకిల్ కంపెనీ ఓపెన్‌ఆఫీస్‌ను అపాచీ ఫౌండేషన్‌కు ఇచ్చేసింది. అపాచీ లైసెన్స్ కోడ్‌ను లిబ్రేఆఫీస్ వాడుకోవచ్చు, కానీ లిబ్రేఆఫీస్ కోడ్‌ను అపాచీ తన ప్రాజెక్టులో కలుపుకోలేదు. ఇక్కడ మనసులు కలిసినా లాభం లేదు.

మళ్లీ కలిసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 2014 డిసెంబర్‌లో, సర్వర్ల మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ జేఎస్ నుంచి ఐఓ జేఎస్ విడిపోయింది. రిలీజులు నత్తనడకన నడుస్తున్నాయని, ఒక కంపెనీ చేతిలోనే పగ్గాలున్నాయని డెవలపర్ల అసంతృప్తి. మరుసటి ఏడాదే ఫౌండేషన్ పెట్టి, నిర్ణయాలు చేసే హక్కు పనిచేసేవాళ్లకు ఇచ్చారు. సెప్టెంబర్‌కల్లా రెండూ కలిసి నోడ్ 4.0గా వచ్చాయి. 0.12 నుంచి ఒక్కసారిగా 4కి ఎందుకు దూకిందని బుర్ర గోక్కున్నవాళ్లు ఉంటారు. అప్పటికే ఐఓ జేఎస్ 3 దాకా వెళ్లిపోయింది మరి!

అందరూ అంత అదృష్టవంతులు కారు. లైనక్స్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను, అనుకున్న సమయానికి జరిగి తీరాల్సిన రియల్ టైమ్ పనులకు పనికొచ్చేలా చేసే ప్రీఎంప్ట్ ఆర్‌టీ పాచ్‌లు దాదాపు 20 ఏళ్లు బయటే ఉన్నాయి. కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ ఆ మూటను దాని మీద మళ్లీ అమర్చాలి. విసుగొచ్చి వేరే పేరు పెట్టుకుని వెళ్లిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వాళ్లు మాత్రం అందరికీ పనికొచ్చే ముక్కల్ని ఒక్కొక్కటిగా విడదీసి లోపలికి పంపుతూ పోయారు. 2024లో వచ్చిన 6.12 కెర్నల్‌తో ఆ పని ఒక కొలిక్కి వచ్చింది. ఆఖరిదాకా దారికి అడ్డంగా ఉన్నదేంటో తెలుసా? తెర మీద కెర్నల్ మెసేజ్‌లు చూపించే printk (ప్రింట్‌కే) అనే ఫంక్షన్.

ఇక మీ ప్రశ్నలు అడగండి.