తివాచీల హోల్‌సేలర్లు ఎగ్జిబిషన్ స్టాల్ ఎందుకు వదులుకుంటున్నారు?

[దృశ్యం: విజయవాడ వన్‌టౌన్, వస్త్రలత. మెట్ల మీద మూటలు మోస్తున్న మనుషులు.]

వస్త్రలతలో ఒక చీరల హోల్‌సేల్ కొట్టుకి ఇద్దరు వెళ్లారనుకోండి. ఒకాయన తెనాలి నుంచి మొదటిసారి వచ్చారు. ఆయనకి ర్యాకుల్లో ఎదురుగా ఉన్నవే చూపిస్తారు. రెండో ఆయన పాత ఖాతాదారు. ఆయన కూర్చున్నారో లేదో, "పైనుంచి కొత్త కట్ట దింపరా" అని కుర్రాడికి కేక పడుతుంది. ప్రపంచ తివాచీల వ్యాపారం ఇప్పుడు ఈ రెండో ఆయన పద్ధతిలోకి జరుగుతోంది. ఎగ్జిబిషన్ స్టాల్ తగ్గించి, ముందే ఫోన్ చేసి రావాల్సిన సొంత షోరూమ్ పెట్టుకుంటున్నారు.

[దృశ్యం: ప్రపంచ పటం. జర్మనీలో హనోవర్, అమెరికాలో హై పాయింట్, అట్లాంటా, ఉత్తరప్రదేశ్‌లో తివాచీలు నేసే భదోహి మీద చుక్కలు.]

ఇన్నాళ్లూ జర్మనీలో డోమోటెక్స్, అమెరికాలో హై పాయింట్, అట్లాంటా, మన దేశంలో ఇండియా కార్పెట్ ఎక్స్‌పో, ఇవే తివాచీల వాళ్లు వెళ్లే పెద్ద ఎగ్జిబిషన్లు. నాలుగైదు రోజులు స్టాల్ పెట్టి ఆర్డర్లు రాసుకోవడం, మిగతా నెలలన్నీ వాటిని నేయించి పంపడం. కోవిడ్ వల్ల 2021, 2022లో డోమోటెక్స్ రద్దయింది. ఆ రెండేళ్లూ తివాచీలు మాత్రం అమ్ముడవుతూనే ఉన్నాయి. మరి ఆ స్టాల్ ఖర్చు ఎందుకు పెడుతున్నట్టు?

ఖర్చు చిన్నదేం కాదు. చేత్తో ముడులు వేసిన 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు ఊలు తివాచీ సుమారు 30 కిలోలు తూగుతుంది. వంద ముక్కలు తీసుకెళ్తే మూడు టన్నులు. దాన్ని ఓడెక్కించాలి, కస్టమ్స్ దాటించాలి. పైన స్టాల్ అద్దె, లైట్లు, వేలాడదీసే స్టాండ్లు, మనుషుల హోటల్ బిల్లు. అమ్ముడుపోనివి మళ్లీ చుట్టి వెనక్కి తేవాలి. షోరూమ్‌కైతే సరుకు ఒకసారి చేరితే అక్కడే ఉంటుంది.

[దృశ్యం: మగ్గం. ముడి వేస్తున్న వేళ్లు, దగ్గరగా.]

నన్నడిగితే అద్దె కన్నా పెద్ద కారణం కాపీ భయం. చదరపు అంగుళానికి 100 ముడులు అనుకుందాం. ఇందాక చెప్పిన సైజుకి 11,520 చదరపు అంగుళాలు, అంటే 11 లక్షల 52 వేల ముడులు. రోజుకి ఎనిమిది వేల ముడులు వేసే మనిషి ఒక్కడే కూర్చుంటే 144 రోజులు పడుతుంది. అందుకే పెద్ద మగ్గం మీద ముగ్గురు నలుగురు పక్కపక్కన కూర్చుంటారు. అదే డిజైన్‌ని స్టాల్ ముందు నిలబడి ఫోన్‌లో కొట్టడానికి ఒక్క క్షణం చాలు. తర్వాత అది ఏ పవర్‌లూమ్‌కి చేరుతుందో ఎవరికి తెలుసు? ఫోటోలు తీయొద్దని బోర్డు పెడతారు గానీ, ఎవరు వింటారండీ!

ఇంకోటి వెలుతురు. తివాచీ మీది ఊలు నూగు ఒకవైపుకి వాలి ఉంటుంది. ఒక చివర నుంచి చూస్తే లేతగా, రెండో చివర నుంచి చూస్తే ముదురుగా కనిపిస్తుంది. స్టాల్‌లో గోడకి వేలాడదీసి లైట్లు కొడితే ఈ తేడా తెలీదు. షోరూమ్‌లో కిటికీ పక్కన నేల మీద పరిచి, చుట్టూ తిరిగి చూడొచ్చు. ఇంటీరియర్ డిజైనర్ అయితే సోఫా గుడ్డ ముక్క వెంట తెచ్చుకుని పక్కన పెట్టి చూసుకుంటారు.

అలాగని ఎగ్జిబిషన్‌కీ షోరూమ్‌కీ మధ్య గోడ కట్టినట్టేం లేదు. హై పాయింట్ మార్కెట్ 1909లో మొదలైంది, ఏటా ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో జరుగుతుంది. అక్కడ చాలా కంపెనీలకి ఉన్నవి ఏడాది పొడవునా అద్దె కట్టే షోరూమ్‌లే. మార్కెట్ లేని రోజుల్లో కూడా తలుపు తీయడమే కొత్త.

[దృశ్యం: ఏలూరు. పాత మగ్గం, ఊలు ఉండలు.]

మనవాళ్ల సంగతికి వద్దాం. నాకు ఇబ్బందిగా అనిపించేది ఇక్కడే. 1851 లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్‌కి వరంగల్ తివాచీలు వెళ్లాయి. అక్కడ చూసినవాళ్లలో ఎంతమంది వరంగల్ పేరు అంతకుముందు విని ఉంటారు? దారిన పోయేవాడు ఆగి చూసే చోటు స్టాల్. అపాయింట్‌మెంట్ మాత్రం ముందే పేరు తెలిసినవాడు తీసుకునేది. విజయవాడకి అరవై కిలోమీటర్లలో ఉన్న ఏలూరులో తివాచీ నేసే కుటుంబం న్యూయార్క్‌లో గది అద్దెకి తీసుకోగలదా? ఇంకొకరి షోరూమ్‌లో, ఇంకొకరి లేబుల్ కింద చేరాలి. ఏలూరు పేరు చెప్పాలా వద్దా అన్నది ఆ హోల్‌సేలర్ దయ.

[దృశ్యం: బెంజ్ సర్కిల్ వైపు ఒక ఫర్నిషింగ్ షాపు.]

గుంటూరులోనో బెజవాడలోనో ఫర్నిషింగ్ షాపు నడిపేవాళ్లకి ఒక మాట. ఎగ్జిబిషన్‌లో పక్క స్టాల్ ధర పది అడుగుల్లో తెలిసిపోతుంది. షోరూమ్‌లో మీరూ, ఆయనా, ఆయన చెప్పిన ధరా, అంతే. కనుక ఒకే రోజున రెండు చోట్లకి టైం తీసుకోండి. కనీసం ఎన్ని ముక్కలు కొనాలి, ఇదే డిజైన్ మన ఊళ్లో ఇంకెవరికైనా ఇస్తారా, అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకుంటారా, రవాణా ఎవరిది, ఇవి అడగండి. తర్వాత తివాచీ మూల వెనక్కి తిప్పి స్కేలు పెట్టండి. అడ్డంగా అంగుళంలో ఎన్ని ముడులు, నిలువుగా ఎన్ని, రెండూ గుణించండి. 140 అని చెప్పిన ముక్కకి 100 వచ్చిందనుకోండి, బేరం అక్కణ్ణుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు.