కోబుర్గ్: రాజుల పెళ్లిళ్లు, ప్రజల ఓటు

అందరికీ నమస్కారం. ఈ వారాంతంలో మనం జర్మనీలోని బవేరియా రాష్ట్రానికి ఉత్తరపు అంచున ఉన్న కోబుర్గ్ పట్టణంలో ఉన్నాం. ఈ మార్కెట్ కూడలి నడుమ మీకు కనిపిస్తున్నది విక్టోరియా మహారాణి భర్త ఆల్బర్ట్ విగ్రహం. ఆయన మరణానంతరం, 1865లో, దీని ఆవిష్కరణకు ఆమె స్వయంగా ఈ ఊరికి వచ్చారు.

ఆల్బర్ట్ పుట్టింది ఈ పట్టణానికి దగ్గరలోని రోజెనావ్ కోటలో, 1819లో. విక్టోరియా తల్లి ఆయనకు సొంత మేనత్త కనుక, 1840లో జరిగిన ఆ వివాహాన్ని మన ఇళ్లలోనైతే మేనరికం అనే అంటారు. అంతకు ముందే, 1831లో, ఆల్బర్ట్ బాబాయి లియోపోల్డ్ బెల్జియానికి మొదటి రాజయ్యారు. పోర్చుగల్, బల్గేరియా సింహాసనాలకూ ఈ వంశం వారే చేరారు. ఇంత చిన్న సంస్థానానికి సైన్యం వల్ల రాని పలుకుబడి సంబంధాల వల్ల వచ్చింది.

సాక్స్-కోబుర్గ్-గోథా అనే జంట డచీ, అంటే డ్యూక్ ఏలే సంస్థానం, 1826లో ఏర్పడింది. గోథాను ఏలిన శాఖ వారసులు లేక అంతరించడంతో బంధువులు భూములు పంచుకున్నారు. కోబుర్గ్ డ్యూక్ ఒకటవ ఎర్నెస్ట్ సాల్‌ఫెల్డ్‌ను వదులుకుని గోథాను పొందారు. అయితే ఆ రెండు ప్రాంతాలకూ ఉమ్మడి సరిహద్దు లేదు, దేని చట్టసభ దానిదే. వాటిని కలిపి ఉంచినది ప్రధానంగా డ్యూక్ ఒక్కరే.

మొదటి ప్రపంచ యుద్ధం ఆ బంధుత్వాలను చీల్చింది. ఇంగ్లండులో పుట్టి, విక్టోరియాకు మనవడైన కార్ల్ ఎడ్వర్డ్ ఇక్కడ డ్యూక్‌గా జర్మనీ పక్షాన నిలవగా, లండన్‌లో బ్రిటన్ రాజు ఐదవ జార్జి 1917లో తన వంశానికి సాక్స్-కోబుర్గ్-గోథా అనే జర్మన్ పేరు తీసివేసి విండ్సర్ అని పెట్టుకున్నారు. మరుసటి ఏడాది నవంబరులో డ్యూక్ పదవి పోయింది. ఆయన ఆ తర్వాత నాజీలతో చేతులు కలిపారు. 1929లోనే ఈ పట్టణ మండలిలో నాజీలకు ఆధిక్యం దక్కింది. కోబుర్గ్ గురించి చెప్పేటప్పుడు ఈ మాట దాటవేయడం సరికాదు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న ఘట్టం మాత్రం 1919 నవంబరు 30న జరిగింది. డ్యూక్ లేని కోబుర్గ్ ప్రజలను పొరుగున ఏర్పడబోతున్న తురింగియా రాష్ట్రంలో చేరతారా అని అడగగా, దాదాపు 88 శాతం మంది వద్దన్నారు. 1920 జూలై 1న కోబుర్గ్ బవేరియాలో కలిసింది; గోథా తురింగియాలో ఉండిపోయింది. ఆనాటి ఓటర్లలో ఎవరి ఊహకూ అందని ఫలితం పాతికేళ్ల తర్వాత బయటపడింది. 1945లో తురింగియా సోవియట్ల చేతికి వెళ్లగా, బవేరియాలో భాగమైన కోబుర్గ్ అమెరికన్ల ఆక్రమణలోని ప్రాంతంలో ఉండి, తర్వాత పశ్చిమ జర్మనీకి చెందింది. మూడు వైపులా తూర్పు జర్మనీ సరిహద్దు కంచె వచ్చినా, ఊరు మాత్రం ఇవతలే మిగిలింది. ఏ రాచపెళ్లీ ఈ ఊరి సామాన్యుల జీవితాలను ఇంతగా మార్చలేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు కొండమీది కోటకు వెళ్దాం. 1530లో క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్ నెలల తరబడి తలదాచుకున్నది అక్కడే. కంచెకు అవతల నలభై ఏళ్లు గడిపిన గోథాను, అక్కడి ఫ్రీడెన్‌స్టైన్ ప్రాసాదాన్ని వచ్చే వీడియోలో చూద్దాం.