నీలి టోపీ పెట్టుకోవడానికి ముందు

సభకు నమస్కారం.

ఐక్యరాజ్యసమితి నీలి టోపీ పెట్టుకుని విదేశాలకు శాంతిపరిరక్షణ కోసం వెళ్ళే మన సైనికులను పత్రికల్లో ఎక్కువగా విమానం మెట్ల దగ్గరే చూస్తుంటాం. ఆ మెట్ల దాకా వచ్చే ముందు వాళ్ళ రోజులు ఎలా గడుస్తాయో చెప్పమని నిర్వాహకులు కోరారు. నేను పదాతిదళంలో పనిచేసి, ఒక ఏడాది కాంగోలో ఉండి, తిరిగి వచ్చాక అక్కడికి వెళ్ళబోయేవారికి నేర్పే బృందంలో ఉన్నవాణ్ణి. కనుక దగ్గరగా చూసిన సంగతులే చెబుతాను.

ఈ ప్రయాణం మన సైన్యానికి పాతదే. 1956లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి అత్యవసర దళంతో గాజా, సినాయ్ ప్రాంతాలకూ, 1960 తర్వాత కాంగోకూ, 1998 నుంచి దక్షిణ లెబనాన్‌కూ మన బెటాలియన్లు వెళ్ళాయి. ఆ జెండా కింద ప్రాణాలిచ్చిన భారతీయులు 160 మందికి పైగా ఉన్నారు. 1961 డిసెంబరు 5న కాంగోలోని ఎలిజబెత్‌విల్‌లో రోడ్డుకు అడ్డంగా నిలిచిన సాయుధులను కొద్దిమంది గూర్ఖా జవాన్లతో ఎదుర్కొని మరణించిన కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా ఒక్కరికే, శాంతిదళంలో చేసిన సేవకు పరమవీర చక్ర దక్కింది. శిక్షణకు వచ్చే ప్రతి కుర్రవాడికీ ఆయన పేరు తెలుసు. అయితే ఆ పేరు చెప్పుకుని ఉత్సాహపడేవాడికి మొదటి వారంలోనే ఒక చిక్కు ఎదురవుతుంది: ఈసారి వెళ్ళే చోట అతనికి శత్రువు లేడు. సరిహద్దులో ఇన్నేళ్ళు కాపలా కాసినవాడికి ఎదుటివైపు ఎవరున్నారో ఎప్పుడూ తెలిసే ఉంటుంది. శాంతిదళానికి మాత్రం ఉభయపక్షాల సమ్మతితో ఉండటం, ఎవరి పక్షమూ వహించకపోవడం, ఆత్మరక్షణకూ అప్పగించిన విధి రక్షణకూ తప్ప బలం వాడకపోవడం అనే మూడు సూత్రాలే ఆధారం. వీటిని కాగితం మీద చదవడానికి అయిదు నిమిషాలు చాలు. చేతులకు, కళ్ళకు, గొంతుకు అలవాటు చేయడానికే వారాలు పడతాయి.

రోజు చీకటి ఉండగానే ఫాలిన్‌తో, అంటే అందరూ వరుసకట్టి నిలబడటంతో, మొదలవుతుంది. పీటీ మామూలుగా ఉండేదే కానీ, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్టూ హెల్మెట్టూ వేసుకుని నడిచే దూరం వారం వారం పెంచుతారు. తూర్పు కాంగోలోని గోమా పట్టణం దాదాపు 1,500 మీటర్ల ఎత్తున, కివు సరస్సు ఒడ్డున, నైరాగాంగో అగ్నిపర్వతం నీడలో ఉంటుంది. చుట్టూ ఉన్న కొండదారుల్లో వాన పడితే వాహనం దిగి నడవక తప్పదు.

టీకాల గురించి క్లుప్తంగా చెబుతాను. ఎల్లో ఫీవర్ టీకా వేసిన పది రోజులకు గాని ఆ ధ్రువపత్రం చెల్లదు కాబట్టి, ప్రయాణం తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి వేస్తారు. మలేరియా మాత్రలు అక్కడ ఉన్నంతకాలమే కాక తిరిగి వచ్చాక కూడా కొన్ని వారాలు వేసుకోవాలి. ఇంటికి చేరిన సంతోషంలో ఆపేసి జ్వరంతో ఆసుపత్రి పాలైన వాళ్ళను చూశాను కాబట్టే దీన్ని ప్రతి బ్యాచ్‌కూ పదేపదే చెప్పేవాణ్ణి.

పీటీ తర్వాత సామాను పని. చాలాసార్లు బరువైన వాహనాలూ జనరేటర్లూ అక్కడే ఉంటాయి, మనుషులు మాత్రమే మారుతారు. అందువల్ల ఇక్కడ ఉండగానే ఆ జాబితాలన్నీ చదివి, ఏది ఎవరి చేతికి వస్తుందో తెలుసుకుని ఉండాలి. ఐక్యరాజ్యసమితి తనిఖీదారులు మూడు నెలలకోసారి వాటిని లెక్కపెడతారు. పనిచేయని వాహనానికి ఐక్యరాజ్యసమితి నుంచి మన దేశానికి రావలసిన సొమ్ము తగ్గుతుంది. సామాను భద్రపరిచే క్వార్టర్‌మాస్టర్ స్టోరులో బోల్టులు లెక్కించడం విసుగు పుట్టించే పనే. అలా విసుక్కునేవాళ్ళకు నేను కొరియా యుద్ధం నాటి సంగతి చెప్పేవాణ్ణి. 1950లో లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వాన వెళ్ళిన మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్యదళం, ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ నుంచి వెనక్కి తగ్గవలసి వచ్చినప్పుడు వైద్య సామగ్రిని వదిలిపెట్టడానికి ఇష్టపడక, ఒక పాత ఆవిరి ఇంజను సంపాదించి, బకెట్లతో నీళ్ళు మోసి బాయిలరు నింపి, రైలును తామే నడుపుకుని బయటపడింది. ఆ పెట్టెలు రాకపోయి ఉంటే తర్వాతి నెలల్లో వాళ్ళు చేసిన శస్త్రచికిత్సలు జరిగేవి కావు.

మధ్యాహ్నం తరగతులు. 2000లో ఢిల్లీలో ఏర్పడిన శాంతిపరిరక్షణ శిక్షణ కేంద్రం వల్ల ఈ బోధనకు మన దేశంలో ఒక క్రమం ఏర్పడింది. నియమాల్లో కొన్నిటికి మినహాయింపు ఉండదు. పద్దెనిమిదేళ్ళు నిండనివారితో శారీరక సంబంధం ఆ దేశపు చట్టం ఏమి చెప్పినా నిషిద్ధం. డబ్బు, తిండి, పని ఆశచూపి ఎవరినీ లొంగదీసుకోరాదు. 2003లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి జారీచేసిన ఆదేశంలో ఇవన్నీ స్పష్టంగా ఉన్నాయి. రక్షించడానికి వెళ్ళినవాడే ఆకలిగొన్నవారిని వాడుకున్న ఉదంతాలు వేర్వేరు దేశాల దళాల్లో జరిగాయి. దీన్ని మొహమాటపడకుండా, తల దించుకోకుండా, పేరు పెట్టి చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. తరగతిలో ఎవరైనా నవ్వితే పాఠం ఆపి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాణ్ణి.

ఇక అన్నిటికంటె ఎక్కువ సమయం తీసుకునే అభ్యాసం తనిఖీ కేంద్రం. మైదానంలో ఒక వెదురు గడ అడ్డంగా కట్టి, ఇసుక బస్తాలు పేర్చి, అటువైపు మన జవాన్లనే ఊరివాళ్ళుగా పంపుతాం. సిమామా అంటే ఆగు, అసాంటే అంటే కృతజ్ఞతలు, సిలాహా అంటే ఆయుధం: ఇలాంటి స్వాహిలీ మాటలు కొన్ని అప్పటికే నేర్పి ఉంటాం. మూటతో వచ్చినవాణ్ణి ఆపి, తుపాకీ మొన నేలకు దించి ఉంచి, మూట తానే విప్పి చూపమని సైగ చేయాలి. చూడటానికి చిన్న పనిలాగే ఉంటుంది. కానీ కొన్నేళ్ళు చొరబాట్ల ప్రాంతంలో గడిపి వచ్చిన ఒక హవల్దారు, ఎదుటివాడు చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చేసరికి క్షణంలో రైఫిల్ భుజానికెత్తాడు. ఆ చేతిలో ఉన్నది గుర్తింపు కార్డు. అతణ్ణి ఎవరూ తిట్టలేదు. ఆ వేగమే ఇన్నాళ్ళు అతని ప్రాణం కాపాడిందని అందరికీ తెలుసు. మాటతో హెచ్చరించడం, సైగ చేయడం, ఆయుధం చూపడం, గాలిలోకి కాల్చడం, చివరికి తప్పనిసరైతేనే గురిపెట్టి కాల్చడం అనే మెట్లను అతని చేత అదే సాయంత్రం పదిహేను సార్లు చేయించాం.

మరునాడు పరీక్ష తిరగబడుతుంది. ఈసారి గడకు అవతల పద్నాలుగేళ్ళ పిల్లవాడి వేషంలో ఒకడు తుపాకీ పట్టుకుని నిలబడతాడు. అతని వెనక, పారిపోయి వస్తున్న జనంగా మరికొందరు. ఇప్పుడు ఆగుతావా, కదులుతావా? నిన్నటి పాఠం ఆగమనే కదా అని చేతులు కట్టుకుని చూసేవాడికి 1995 జులైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో ఏం జరిగిందో చెబుతాం. ఐక్యరాజ్యసమితి రక్షిత ప్రాంతమని ప్రకటించిన చోట, ఆ దళం ఉండగానే, ఏడువేలకు పైగా పురుషులనూ బాలురనూ తీసుకుపోయి చంపారు. పౌరుల రక్షణను దళానికి ఇచ్చే ఆదేశంలోనే విస్పష్టంగా రాయడం 1999లో పశ్చిమాఫ్రికాలోని సియర్రా లియోన్‌కు పంపిన దళంతో మొదలైంది. కాబట్టి ఓర్పు పేరుతో చూస్తూ ఊరుకోవడం కూడా విధి తప్పడమే. పిల్లవాడి తుపాకీనీ, పిల్లవాణ్ణీ, వెనకున్న జనాన్నీ ఏకకాలంలో చూడగలగాలి. దీనికి నా దగ్గర ఒకే ఒక సరైన సమాధానం ఎన్నడూ లేదు. నేను చేయగలిగిందల్లా, ఆ క్షణం అతనికి అక్కడ మొదటిసారిగా ఎదురుకాకుండా చూడటమే.

సాయంత్రం ఆటలు, రోల్ కాల్, లంగరులో (జవాన్ల వంటశాలలో) భోజనం. ఆ తర్వాత మిగిలే గంటలో కాగితాలు. నామినేషన్, బ్యాంకు ఖాతా, భూమి వ్యవహారానికి తండ్రి పేరనో అన్న పేరనో అధికారపత్రం, వీలునామా. పాతికేళ్ళవాడు వీలునామా రాయడానికి కూర్చుంటే బ్యారక్ కాసేపు నిశ్శబ్దమైపోతుంది. మా సుబేదార్ సాబ్ మాత్రం ప్రతి ఒక్కరి పక్కన కూర్చుని, ఇంటి పెద్దలా, భార్య పేరు రాశావా నాయనా, అమ్మకు ఏమి ఉంచావు అని అడిగి రాయించేవారు. ఈ కాగితాల సంగతి ఇంట్లో చెప్పనివాళ్ళే ఎక్కువ. అది తప్పని నా అభిప్రాయం. భార్యకు తెలియని పత్రం అవసరమైన రోజున బీరువాలోనే ఉండిపోతుంది.

చివరి రాత్రుల్లో ఒకటి నాకు బాగా గుర్తు. నీలి టోపీలు ఆ రోజే పంచారు. కొత్త టోపీ బిగుసుగా, పళ్ళెంలా ఉంటుంది. దాన్ని వేడినీళ్ళలో తడిపి, తలకు పెట్టుకుని, కుడివైపుకు అరచేత్తో లాగి, తల మీదే ఆరనివ్వాలి. బ్యారక్‌లో ముప్పైమంది బనియన్లతో మంచాల మీద కూర్చుని, చెవుల వెంట నీళ్ళు కారుతుండగా కదలకుండా ఉన్నారు. ఒక తెలుగు కుర్రవాడి ఫోను మోగింది. "అక్కడ యుద్ధమా బాబూ?" అని వాళ్ళమ్మ అడగడం పక్క మంచం దాకా వినిపించింది. "యుద్ధం కాదమ్మా, కాపలా" అన్నాడు. "ఎవరి మీద?" అని ఆమె అడిగింది. అతను వెంటనే ఏమీ అనలేదు. ఆరని టోపీని ఒక చేత్తో సర్దుకుంటూ, "మీద కాదమ్మా, పక్కన" అన్నాడు.