పైకి లేచాక దిగడం ఎలా?

[దృశ్యం: ఆటపాక, ఉదయం. గూడబాతు నీటి మీదికి దిగుతోంది. వేగం తగ్గించి చూపాలి.]

నమస్కారం. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ ఉన్న కొల్లేటి అంచున, కైకలూరు దగ్గరి ఆటపాకలో ఒక గూడబాతు (పెలికాన్) నీటి మీదికి దిగుతున్న దృశ్యమిది. ఐదు కిలోల దాకా బరువుండి, రెక్కలు చాస్తే రెండు మీటర్లు దాటే ఈ పక్షి నీరు దగ్గరపడుతున్నకొద్దీ ఏం చేస్తోందో గమనించండి. రెక్కలను గాలికి ఎదురుగా నిలబెట్టి వేగం తగ్గించుకుంటుంది, తోకను విప్పుతుంది, కాళ్లను ముందుకు చాపుతుంది, ఆ వెడల్పాటి పాదాలతో నీటిని రాసుకుంటూ కొంతదూరం జారి ఆగుతుంది. మనం మాత్రం ఎగరడం గురించి మాట్లాడినప్పుడల్లా పైకి లేవడం గురించే మాట్లాడతాం. మనిషి ఎగిరిన చరిత్రలోనూ, ఎగరాలని కన్న కలలను దాచుకున్న కావ్యాల్లోనూ అసలు చిక్కు దిగే దగ్గరే ఉందన్నది ఈ వీడియోలో నేను చెప్పదలచుకున్న విషయం.

[దృశ్యం: వరిచేను మీద మందు కొడుతున్న డ్రోను. కింద పైరు అలలుగా వంగుతోంది.]

ముందు లేవడం గురించి క్లుప్తంగా చెప్పుకుందాం. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది గనుక పైనుంచి పోయే గాలి కిందినుంచి పోయే గాలిని అందుకోవడానికి వేగంగా పరుగెత్తుతుందనీ, అందుకే విమానం లేస్తుందనీ బడిలో చాలామంది చదువుకున్నారు. విడిపోయిన రెండు గాలిపాయలూ రెక్క వెనుక ఒకేసారి కలుసుకోవాలన్న నియమమేదీ ప్రకృతిలో లేదు. నిజానికి పైనుంచి పోయే గాలే ముందు చేరుతుంది. రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది, ఆ గాలి రెక్కను పైకి నెడుతుంది. రెక్క పైన పీడనం తగ్గడం, కింద పెరగడం ఇదే పనికి మరో ముఖం. నమ్మకం కుదరకపోతే మందు కొట్టే డ్రోను కింద ఉన్న వరిచేనును చూడండి. పైరు అంతగా వంగిపోతున్నది ఆ చిన్న రెక్కలు కిందికి తోసిన గాలికే. మందు ఆకుల అడుగుదాకా చేరడానికి తోడ్పడుతున్నదీ ఆ గాలే.

గాలిని మళ్లించడానికి రెక్క కొంత వాలుగా ఉండాలి. ఎంత వాలుగా అన్నది సంక్రాంతికి గాలిపటం కట్టే పిల్లలకు చేతివేళ్లకు తెలిసిన సంగతి. పటానికి కట్టిన దారాల ముడి కాస్త కిందికి జరిగితే పటం గాలికి మరీ ఎదురుగా నిలిచి కొట్టుకుంటుంది. మరీ పైకి జరిగితే పడుకుని లేవనంటుంది. రెక్క వాలు పెంచుతూ పోతే సుమారు పదిహేను డిగ్రీల దాకా దాన్ని పైకెత్తే బలం, అంటే లిఫ్ట్, పెరుగుతుంది. ఆ తరువాత గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని ప్రవహించలేక విడిపోయి సుడులు తిరుగుతుంది, లిఫ్ట్ హఠాత్తుగా పడిపోతుంది. దీనినే స్టాల్ అంటారు. ఆకాశంలో ఉన్నవాడికి ఇది ప్రమాదం. దిగే పక్షికి మాత్రం ఇదే పనిముట్టు.

[దృశ్యం: కొబ్బరి మట్ట మీద వాలుతున్న గద్ద. రెక్క ముందు అంచు దగ్గరగా.]

మట్ట మీద వాలే గద్ద చివరి క్షణంలో కావాలనే స్టాల్ అవుతుంది. రెక్క ముందు అంచున, మన బొటనవేలి స్థానంలో, కొన్ని చిన్న ఈకలు విడిగా లేచి నిలబడడం ఇక్కడ కనిపిస్తుంది. అంత వాలులోనూ గాలి కాసేపు రెక్కను వదలిపోకుండా చేసేవి ఆ ఈకలే. దిగే ముందు ప్రయాణికుల విమానం రెక్క ముందు అంచున బయటికి జారే పలకలు చేసేదీ అదే పని.

ఈ విద్య లేకపోవడం మనుషుల ప్రాణాలు తీసింది. జర్మనీకి చెందిన ఒట్టో లిలియెంతాల్ ఇంజిను లేని గ్లైడర్లతో రెండువేలసార్ల దాకా గాలిలో తేలాడు. కాళ్లు అటూ ఇటూ ఊపి, శరీరపు బరువును మార్చడమే అతనికి తెలిసిన అదుపు. 1896 ఆగస్టు 9న గ్లైడర్ గాలిలో స్టాల్ అయి, అతను సుమారు 15 మీటర్ల ఎత్తునుంచి పడి మరునాడు మరణించాడు. ఆ వార్త సైకిళ్ల వ్యాపారులైన రైట్ సోదరులను ఆలోచనలో పడేసింది. రెక్కలూ ఇంజిన్లూ ఎవరైనా చేయగలరు, గాలిలో అదుపు తప్పకుండా ఉండడమే తేలని సమస్య అని వారు గ్రహించారు. పక్షులు రెక్కల కొసలను మెలితిప్పి పక్కలకు ఒరగడాన్ని గమనించి, 1902 నాటి గ్లైడర్‌లో రెక్కల మెలికకు వెనుక చుక్కానిని జోడించారు. 1903 డిసెంబర్ 17న, ఇంజిను అమర్చిన వారి విమానం మొదటి ప్రయాణం 12 సెకన్లు, 120 అడుగులు; నాలుగవది 59 సెకన్లు, 852 అడుగులు. ఆ నాలుగవసారి నేలను తాకడంలోనే ముందు భాగం దెబ్బతింది, ఆ తరువాత గాలి విసురుకు యంత్రం దొర్లిపోయి మళ్లీ ఎగరలేదు. 1906లో వారికి దక్కిన పేటెంటు ఇంజిను మీద కాదు, అదుపు చేసే పద్ధతి మీద. చరిత్రను చెప్పేవారు 12 సెకన్ల దగ్గరే ఆగిపోవడం నాకు న్యాయంగా తోచదు.

[దృశ్యం: రాజమహేంద్రవరం, గోదావరి గట్టు, సాయంత్రం.]

మన కవులు ఈ సంగతి మరిచిపోలేదు. ఈ గట్టునే, రాజరాజ నరేంద్రుని ఆస్థానంలో, పదకొండవ శతాబ్దంలో నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో గరుడుని కథ ఉంది. తల్లి వినతను దాస్యం నుంచి విడిపించడానికి అమృతం తేబోతూ, ఏనుగునూ తాబేలునూ కాళ్లతో పట్టుకుని ఎగిరిన గరుడుడు ఒక మహావృక్షపు కొమ్మ మీద వాలాడు. కొమ్మ విరిగింది. దానికి వాలఖిల్య మునులు తలకిందులుగా వేలాడుతున్నారు. కొమ్మను వదిలితే మునులు నలిగిపోతారని దానిని ముక్కున కరచుకుని, దిగడానికి చోటు వెతుక్కుంటూ ఎగురుతూనే ఉన్నాడు. చివరకు తండ్రి కశ్యపుడు మునులను ఒప్పించి, నిర్జనమైన ఒక కొండను చూపితే గానీ ఆ బరువు దిగలేదు. అంతటి బలశాలికి కూడా వాలే చోటే కరువైందని చెప్పడంలో ఉన్న లోకజ్ఞానం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. రామాయణంలో సంపాతి సూర్యునికి మరీ చేరువై, తమ్ముడు జటాయువును తన రెక్కలతో కప్పి, ఆ రెక్కలు కాలి వింధ్యపర్వతం మీద పడిపోయాడు.

అయితే తెలుగువారికి ఇంకా దగ్గరైన కథ పెద్దన మనుచరిత్రలోని ప్రవరునిది. సిద్ధుడిచ్చిన పసరును పాదాలకు పూసుకుని హిమాలయానికి ఎగిరిపోయిన ఆ గృహస్థు, పసరు మంచునీటికి కరిగిపోయిన సంగతి తిరుగు ప్రయాణం తలపెట్టినప్పుడు గాని తెలుసుకోలేదు. సాయంకాలం అగ్నికార్యం వేళకు ఇల్లు చేరవలసినవాడు, ఊరికి దారి చెప్పమని అప్సరస వరూధినిని అడగవలసి వచ్చింది. కావ్యంలోని శృంగారమంతా ఆ చిక్కులోంచే పుట్టింది. వెళ్లడానికి మాత్రమే సరిపడా ఇంధనం వేసుకుని బయలుదేరడం అంటే ఇదే. పైలట్లు నేడు గమ్యానికి కావలసిన దానితోపాటు, అక్కడ దిగడం కుదరకపోతే మరో విమానాశ్రయానికి చేరడానికి కూడా సరిపడా ఇంధనంతోనే బయలుదేరతారు.

[దృశ్యం: మధురపూడి విమానాశ్రయం. దిగుతున్న విమానం.]

మధురపూడిలో దిగే జెట్ విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. అంటే కిలోమీటరు ముందుకు సాగేలోపు 52 మీటర్లు కిందికి దిగుతుంది. రెక్కల వెనుక అంచున ఉండే పలకలు (ఫ్లాప్స్) విప్పుకుని, వేగాన్ని గంటకు సుమారు 250 కిలోమీటర్లకు తగ్గించి, నేలకు కొద్ది మీటర్ల ఎత్తున ముక్కు కాస్త పైకెత్తి చక్రాలను ఆనిస్తుంది. హెలికాప్టరుకు రన్‌వే అక్కరలేదు, కానీ వరదలో మునిగిన లంక గ్రామంలో అది దిగడానికి కావలసినంత ఆరిన నేల కూడా ఉండదు. అందుకే ఆహార పొట్లాలను పైనుంచే జారవిడుస్తారు.

[దృశ్యం: కోనసీమ కొబ్బరితోట అంచున డ్రోను. రిమోట్ తెర దగ్గరగా.]

చాలా డ్రోన్లలో ప్రవరునికి లేని సౌకర్యం ఒకటి ఉంది. సిగ్నల్ తెగినా, బ్యాటరీ అడుగంటినా అది తనంతట తానే బయలుదేరిన చోటికి తిరిగి వస్తుంది. ముందుగా నిర్ణయించిన ఎత్తుకు లేచి, అక్కడినుంచి తిన్నగా వచ్చి కిందికి దిగుతుంది. ఆ ఎత్తును 15 మీటర్లకు పెట్టి, 20 మీటర్లు దాటిన కొబ్బరిచెట్ల నడుమ ఎగరేస్తే డ్రోను మట్టల్లో చిక్కుకుంటుంది. కాబట్టి ఎగరేసే ముందు చుట్టూ ఉన్న అన్నిటికన్నా పొడవైన చెట్టునూ, కరెంటు తీగలనూ చూసుకుని, వాటికి పైన తిరుగు ఎత్తును పెట్టుకోవాలి. గోదావరిలో పడవ మీదినుంచి ఎగరేసేవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. పడవ కదులుతున్నకొద్దీ రిమోట్‌లో హోమ్ పాయింట్‌ను, అంటే డ్రోను తిరిగి రావలసిన చోటును, మార్చుకోకపోతే, డ్రోను తాను లేచిన చోటికే నమ్మకంగా తిరిగి వచ్చి, పడవ ఎప్పుడో వదిలి వెళ్లిన నీళ్లలో దిగుతుంది.